కర్నూలు పాతబస్తీలో కొన్న నాలుగు జాడీలు: ఏడాది వాడిన తర్వాత

గత ఏడాది దసరా వెళ్లిన వారానికి, కర్నూలు పాతబస్తీలో కొండారెడ్డి బురుజు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక చిన్న కొట్టులో నేను నాలుగు ఊరగాయ జాడీలు కొన్నాను. అయిదు కిలోలది ఒకటి, మూడు కిలోలది ఒకటి, రెండు కిలోలవి రెండు. ఈ కార్తీకంలో వాటిని ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి, మళ్లీ నింపే పని మొదలుపెట్టాను కాబట్టి, ఏడాది పాటు అవి ఎలా పనిచేశాయో, ఆ కొట్టులో కొనడం ఎందుకు మేలో, ఎక్కడ జాగ్రత్తపడాలో వివరంగా రాస్తున్నాను. కొట్టుకు బోర్డు లేదు. గుమ్మం ముందు గడ్డి పరిచి, పైన గోధుమరంగు, కింద తెలుపురంగు ఉన్న జాడీలను బోర్లించి పేర్చి ఉంటారు, అదే గుర్తు.

జాడీ కొనడానికి ఇంత ఆలోచన ఎందుకని అడిగేవారికి మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు మేము పాతబస్తీలో మా అవ్వ ఇంట్లో ఉండేవాళ్లం. అందరమూ మిద్దె ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నాం గాని, కింద వంటింటి అటకమీదికి కూడా నీళ్లు వచ్చాయి. వరద తీసిన తర్వాత లోపలికి వెళితే మోకాటి లోతు బురద. అవ్వ కాపురానికి వచ్చినప్పటి నుంచి కూడబెట్టుకున్న తొమ్మిది జాడీల్లో అయిదు పగిలిపోయాయి, నాలుగు బురదలో నిలబడే ఉన్నాయి. వాటిలో ఉన్న ఊరగాయలన్నీ పారబోశాం. నాలుగు జాడీలనూ అవ్వ బూడిదతో, చింతపండుతో తోమి, వేడినీళ్లు పోసి కడిగి, వారం రోజులు ఎండలో పెట్టింది. మూడు జాడీలు మునుపటిలాగే అయ్యాయి. నాలుగోదానికి మాత్రం బురద వాసన పోలేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏటి ఒండ్రు వాసన కొట్టేది. అయినా పట్టువదలకుండా ఆ మాఘంలో అందులో పండుమిరపకాయ పచ్చడి పెడితే రెండు నెలలకే అంచుల వెంబడి బూజు వచ్చింది.

అప్పుడు అవ్వ ఆ జాడీలో పసుపునీళ్లు పోసి, ఒక పూట ఉంచి, పారబోసి, తడిగుడ్డతో తుడిచి నన్ను పిలిచి చూపించింది. లోపలి గోడ నిండా సాలెగూడులాంటి సన్నని పసుపు గీతలు. అంతకుముందు అవి కంటికి కనిపించేవి కావు. పైకి మాత్రం ఆ తొమ్మిది జాడీల్లోకెల్లా నిగనిగలాడేది అదే. "జాడీ కడుపు సూసి కొనాల, మొగం సూసి కాదు" అన్న అవ్వ మాట నాకు ఆ రోజు అర్థమైంది.

కారణం చాలా సూటిగా ఉంటుంది. జాడీ గోడ మట్టిదే అయినా, దాని మీద లోపలా బయటా ఉండే మెరుగు నిజానికి పలుచని గాజుపూత. దానినే గ్లేజు అంటారు. ఊరగాయ జాడీలను 1,200 డిగ్రీలకు పైబడిన వేడిలో కాలుస్తారు. ఆ వేడికి మట్టి బిగిసి రాయిలా అవుతుంది, పూత కరిగి గాజులా పరుచుకుంటుంది. బట్టీలోంచి తీసి చల్లారేటప్పుడు మట్టి ఒక లెక్కన, పూత ఇంకో లెక్కన ముడుచుకుంటే పూతలో వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. కొన్నిసార్లు అవి బట్టీలోనే పడతాయి, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత పడతాయి. ఆ సందుల్లోకి ఉప్పు, పులుపు, నూనె చేరాయంటే ఎంత తోమినా బయటికి రావు. పాతబడిన నూనె అక్కడే ముక్కిపోయి, కొత్త ఊరగాయను కూడా పాడుచేస్తుంది. కాబట్టి జాడీకి ప్రాణమంతా లోపలి పూతలోనే ఉంది. జాడీ అమ్మేవారు ఈ సంగతి తెలిసి అమ్ముతున్నారా, తెలియక అమ్ముతున్నారా అన్నదే కొట్టుకూ కొట్టుకూ ఉన్న తేడా.

ఈ కొట్టు పెద్దాయనను అందరూ చాచా అని పిలుస్తారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు అయిదు కిలోల జాడీని చూసి ధర అడిగితే, ధర చెప్పకుండా పక్కనున్న చెంబుతో నీళ్లు తెచ్చి, "ముందు నీళ్లు పోసి సూడమ్మా, దుడ్ల మాట తర్వాత" అన్నారు. జాడీలో అంచుదాకా నీళ్లు పోసి, కింద పాత వార్తాపత్రిక పరిచి, రాత్రంతా తమ కొట్టులోనే ఉంచుతామని, మరునాడు వచ్చి కాగితం తడిసిందో లేదో నన్నే చూసుకోమని చెప్పారు. అడుగుభాగానికి సాధారణంగా గాజుపూత ఉండదు. బట్టీలో అతుక్కుపోకుండా దానిని తుడిచేస్తారు. అందువల్ల లోపలి పూతలో లోపం ఉంటే నీరు అడుగునుంచి బయటపడే అవకాశం ఎక్కువ. నేను ఎంచుకున్న నాలుగింటిలో రెండు కిలోలది ఒకటి మరునాటికి కాగితం మీద రూపాయి బిళ్లంత తడిమచ్చ పెట్టింది. చాచా దానిని ఒక్క మాట కూడా అనకుండా పక్కకు తీసి, సున్నపుముక్కతో దాని మీద అడ్డగీత గీసి, ఇంకొకటి తీసి మళ్లీ నీళ్లు పోశారు. అడ్డగీత పెట్టిన జాడీలను ఊరగాయకు కాక, బియ్యానికో పప్పులకో అడిగేవారికి తక్కువ ధరకు ఇస్తామని, గీత చెరపకుండానే ఇస్తామని చెప్పారు. ఒక చిన్న కొట్టులో ఈ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

నీటి పరీక్ష ఒక్కటే చాలదు. అవ్వ నేర్పినవి, చాచా చూపినవి కలిపి నేను చేసిన పరీక్షలు చెబుతాను. జాడీని అరచేతి మీద నిలబెట్టి వేలి కణుపుతో తట్టితే ఖంగుమని మోగాలి. మొద్దుగా, కుండ పగిలినట్టు పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే. పెద్ద జాడీని చేతిమీద నిలపలేం కాబట్టి పాత గుడ్డ చుట్ట మీద పెట్టి తట్టాలి. తర్వాత చెయ్యి లోపలికి పోనిచ్చి గోడ మొత్తం తడమాలి. సూదిమొనంత గుంటలు వేలికి తగులుతాయి. కంటికన్నా వేలు బాగా పట్టిస్తుంది. ఆ తర్వాత ఫోను లైటును లోపలికి ఏటవాలుగా వేసి చూడాలి. నేరుగా వేస్తే మెరుపులో ఏమీ కనిపించదు. చివరిది మూత. దానిని మూతి మీద పెట్టి మెల్లగా చుట్టూ తిప్పితే ఎక్కడా ఊగకూడదు. నేను కొన్న మూడు కిలోల జాడీ మూత ఊగింది. చాచా కొట్టు వెనక మూతలే ఒక గుట్టగా ఉన్నాయి. అక్కడ కూర్చుని ఏడెనిమిది మూతలు మార్చి చూస్తే ఒకటి సరిపోయింది. మూతలు, జాడీలు విడివిడిగా కాలుస్తారు కాబట్టి ఈ తంటా తప్పదు, కొనేవారు తొందరపడకూడదు.

ఈ సరుకు ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి వస్తుందని, కొంత తమిళనాడులోని వృద్ధాచలం నుంచి వస్తుందని చాచా చెప్పారు. ఆ రెండు ఊళ్లూ పింగాణీ పనికి పేరుపడ్డవే. పై సగానికి ఉండే గోధుమరంగు పూతలోని ఇనుపధాతువు వల్ల వస్తుంది. అందులో భయమేమీ లేదు. భయపడవలసింది లోపలా అంచుల మీదా ఎర్రటి, పచ్చటి పూలు వేసిన చిన్న జాడీల విషయంలో. తక్కువ వేడిలో కాల్చే కొన్ని రంగుపూతల్లో సీసం కలుపుతారు, ఊరగాయ పులుపుకు అది కరిగి తిండిలో చేరే ప్రమాదం ఉంది. చాచా కొట్టులో కూడా అలాంటివి అలంకారానికని ఒక వరుసలో ఉన్నాయి. నేను అడగకముందే వాటిని ఊరగాయకు వాడవద్దని హెచ్చరించారు. అయినా, తెలియని పిల్లలెవరైనా కొట్టులో కూర్చున్న రోజున ఎవరో ఒకరు కొనుక్కుపోవచ్చు గనుక, వాటిని వేరే గదిలో పెట్టమని నేను చాచాకు చెప్పి వచ్చాను. ఈ మధ్య వెళ్లినప్పుడు కూడా అవి అక్కడే ఉన్నాయి.

ధరల సంగతి. అయిదు కిలోలది 850 రూపాయలు, మూడు కిలోలది 560, రెండు కిలోలవి ఒక్కొక్కటి 390. మొత్తం 2,190 అయితే 2,100 తీసుకున్నారు. ఇంటికి తెచ్చి కొలపాత్రతో నీళ్లు కొలిచి చూశాను: అయిదు కిలోల జాడీ 4,700 మిల్లీలీటర్లు, రెండు కిలోలవి దాదాపు 1,900 మిల్లీలీటర్లు పట్టాయి. పైన రెండు వేళ్ల ఖాళీ వదలాలి కాబట్టి, చెప్పిన కిలోల కన్నా కాస్త తక్కువే పడుతుందని లెక్కవేసుకుని కొనాలి.

ఇక వాటిలో ఏమి పెట్టానో చెబుతాను. మా ఇల్లు ఇప్పుడు కల్లూరు వైపు. వెనక రెండు సెంట్ల పెరడు ఉంది. ఈ సీమలో వానలు ఎంత పిసినారితనం చూపినా, ఆశ్వయుజ కార్తీకాల్లో పెరడు చేతికి అందివస్తుంది. గోంగూర నడుమెత్తు పెరిగి ఉంటుంది, టమాటా తొలికాపు వస్తుంది, ఉసిరిచెట్టు కొమ్మలు కాయల బరువుకు వంగుతాయి. ఆవకాయ అంటే వేసవి పని, అందరికీ తెలిసిన పని, ఇల్లంతా సందడిగా చేసే పని. శరత్తులో పెట్టే నిల్వపచ్చళ్లకు అంత హడావుడి ఉండదు. ఒక రోజు ఉసిరికాయలు, నాలుగు రోజుల తర్వాత గోంగూర, ఇంకో పదిరోజులకు చింతకాయలు. చెట్టు ఎప్పుడు ఇస్తే అప్పుడు, ఎంత ఇస్తే అంత. జాడీలు కూడా ఒక్కొక్కటిగా నిండుతాయి.

నింపే ముందు జాడీని సిద్ధం చేయడానికి నాకు రెండు రోజులు పడుతుంది. వేడినీళ్లతో కడిగి, ఒక పగలంతా ఎండలో బోర్లించి, రెండో పగలు వెల్లకిలా పెడతాను. తర్వాత చిన్న నిప్పుకణిక మీద బఠాణీగింజంత ఇంగువ వేసి, పొగ లేస్తుండగా జాడీని దాని మీద బోర్లిస్తాను. పావుగంటలో జాడీ కడుపంతా ఇంగువ పొగ పడుతుంది. ఇక్కడ కూడా పూత మంచిదో కాదో తెలిసిపోతుంది: మంచి పూత ఉన్న జాడీని పొడిగుడ్డతో తుడిస్తే పొగమసి ఒక్క తుడుపుకే వస్తుంది, వాసన మాత్రం నిలుస్తుంది. నాలుగు జాడీలూ ఈ పరీక్షలో నెగ్గాయి.

అయిదు కిలోల జాడీలో ఉసిరికాయ తొక్కు పెట్టాను. నాలుగు కిలోల కాయలను కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, కిలోకు పావుకిలో చొప్పున గల్లుప్పు, పసుపు కలిపి జాడీకెత్తాను. మూడో రోజు తీసి గింజలు ఏరి, మళ్లీ దంచి, పచ్చిమిరపకాయలు చేర్చి తిరిగి జాడీలో కూరాను. ఉసిరిలో వగరు ఎక్కువ; ఆ వగరు ఇనుముకు తగిలితే నల్లబడుతుంది కాబట్టి కోయడానికైనా కలపడానికైనా ఇనుప వస్తువు వాడకూడదు. ఎంత జాగ్రత్త పడ్డా గాలి తగిలి తొక్కు నెలలు గడిచేకొద్దీ నలుపు తిరుగుతుంది. అది పాడవడం కాదు, పాతబడిన ఉసిరితొక్కు రంగే అది. ఏడాది తర్వాత, మొన్న అడుగున మిగిలిన గరిటెడు తీసి, ఎండుమిరపకాయ, వెల్లుల్లి తాలింపు పెట్టి జొన్నరొట్టెలోకి నంజుకున్నాం. ఉప్పు, పులుపు, వగరు మూడూ ఒదిగిపోయి, కొత్తతొక్కులో లేని నిదానమైన రుచి వచ్చింది. జాడీ గోడమీద ఒక్క మరక లేదు.

మూడు కిలోల జాడీతో చేసిన పరీక్ష ఎక్కువమందికి పనికొస్తుంది. మా పెద్దనాన్న వాళ్ల పొలం గట్టు మీది చింతచెట్టు కాయలతో చింతకాయ తొక్కు పెట్టాను. ముదిరి గింజపట్టిన పచ్చికాయలను ఉప్పు, పసుపు వేసి దంచి, మూడు రోజులాగి, ఈనెలు, పిక్కలు తీసేసి మళ్లీ దంచిన తొక్కు అది. నిల్వచేసేటప్పుడు ఇందులో నూనె వేయం, ఉప్పూ పులుపే దాన్ని కాపాడాలి. అందుకే పాత్ర మంచిచెడ్డలు ఇందులో త్వరగా బయటపడతాయి. ఒకే రోజు, ఒకే తొక్కును అరకిలో గాజుసీసాలో, అరకిలో ప్లాస్టిక్ డబ్బాలో, మిగిలినదంతా జాడీలో పెట్టాను. మూడింటినీ వంటింట్లో ఒకే అరమీద ఉంచాను. ఆ అరకు పక్కనే కిటికీ ఉంది.

ఉగాదికి తీసి చూస్తే ప్లాస్టిక్ డబ్బాలో పైపొర ముదురు గోధుమరంగుకు తిరిగి, మూత తీయగానే తొక్కు వాసన కన్నా డబ్బా వాసన ముందు వచ్చింది. గాజుసీసాలో కిటికీ వైపున్న సగం పసుపురంగు వెలిసిపోయింది, గోడవైపున్న సగం బాగానే ఉంది. రుచిలో తేడా కొద్దిగానే తెలిసింది. జాడీలోది పెట్టిన నాటిలాగే పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉంది. మే నెలలో, బయట 42 డిగ్రీలు దాటిన రోజుల్లో, మళ్లీ చూశాను. ప్లాస్టిక్ డబ్బాలోది పారబోశాను. జాడీలోది చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మందమైన గోడ పగటి వేడిని లోపలికి నెమ్మదిగా పంపుతుంది, వెలుతురును అసలు రానివ్వదు. న్యాయంగా చెప్పాలంటే, గాజుసీసాను చీకటి అల్మారాలో పెట్టి ఉంటే అది జాడీతో దాదాపు సమానంగా నిలిచేదని నా నమ్మకం. జాడీ కొనే స్తోమత లేనివారు వెడల్పు మూతి గాజుసీసా కొని చీకట్లో పెట్టుకోవచ్చు. ప్లాస్టిక్ మాత్రం ఏడాది నిల్వకు వద్దే వద్దు. స్టీలు డబ్బా కూడా అంతే. ఉప్పూ పులుపూ కలిసి స్టీలు మీద సన్నని గుంటలు పెడతాయి.

రెండు కిలోల జాడీల్లో ఒకదానిలో గోంగూర, సంక్రాంతి ముందు ఇంకొకదానిలో పండుమిరపకాయ పచ్చడి పెట్టాను. గోంగూర విషయంలో ఒక చిన్న పొరపాటు నాది. ఆకును గుడ్డమీద ఒక్కరోజే ఆరబెట్టి, తడి పూర్తిగా పోకముందే వేయించాను. నెల తిరగకుండా పైన తెల్లటి చుక్కలు వచ్చాయి. పైపొర తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ వేయించి, కాచి చల్లార్చిన నూనె వేలిమందం నిలిచేలా పోశాను. ఆ తర్వాత అదీ కుదురుకుంది. మా వైపు బుడ్డల నూనెతోనే, అంటే వేరుశనగ నూనెతోనే, పచ్చళ్లు పెడతారు. రుచికి అదే నాకూ ఇష్టం. కాని వేసవి దాటించాలనుకున్న పచ్చడికి గానుగ నువ్వుల నూనె మేలు. నువ్వుల్లో సహజంగానే నూనె ముక్కిపోకుండా అడ్డుకునే గుణం ఉంది. ఈ సారి గోంగూరకు నువ్వుల నూనె వాడుతున్నాను.

చాచా కొట్టులో జాడీలతో పాటు వాసెన గుడ్డలు కూడా అమ్ముతారని చెప్పడం మరిచిపోకూడదు. ఈ కాలపు పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చు: జాడీ మూతి మీద గుడ్డ కప్పి, మెడచుట్టూ తాడుతో బిగించడాన్ని వాసెన కట్టడం అంటారు. మూత ఎంత సరిగా కూర్చున్నా సన్నని సందు ఉంటుంది. చీమ, దుమ్ము, వానాకాలపు తేమ లోపలికి పోకుండా వాసెన ఆపుతుంది. ఇక్కడ మూరెడు చదరాలుగా కత్తిరించిన తెల్లని గుడ్డలు జత 40 రూపాయలకు, పురికొస ఉండ 15 రూపాయలకు ఇస్తారు. నేత దగ్గరగా ఉన్న మంచి నూలుగుడ్డ. మొదటి ఉతుకుకు రెండు వేళ్ల వెడల్పు కుంచించుకుపోయింది కాబట్టి కొనగానే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి.

ఈ గుడ్డలు మా అమ్మకు ఏడాది పొడవునా మధ్యాహ్నాల పనిగా మారాయి. సైజు తప్ప నాలుగు జాడీలూ ఒకేలా ఉంటాయి, ఏది దేనిదో తెలియదు; చీటీలు అతికిస్తే నూనె తగిలి ఊడిపోతాయి. అందుకని ఏ జాడీలో ఏముందో దాని ఆకునే వాసెన గుడ్డమీద కుడతానని అమ్మ అన్నది. పెరట్లోంచి ఆకు కోసుకొచ్చి, గుడ్డ కింద పెట్టి, కిటికీ వెలుతురుకు పట్టుకుని, పెన్సిలుతో చుట్టూ గీసి, ఆ గీత వెంట కాడకుట్టు వేస్తుంది. గోంగూర ఆకుకు వేళ్లు చాచిన చెయ్యిలాంటి చీలికలు, అంచుకు సన్నని రంపపు పళ్లు. ఆ పళ్లన్నిటినీ లెక్క తప్పకుండా కుట్టింది. ఉసిరిరెమ్మకు రెండువైపులా ఈకల్లా ఉండే ఆకులను ఒక్కొక్క పొడుగు కుట్టుతో ముగించింది. చింతాకు అన్నిటికన్నా కష్టమైంది, దానికి పదకొండు మధ్యాహ్నాలు పట్టింది.

మొదట కుట్టిన గుడ్డలో రెండు తప్పులు జరిగాయి. ఆకును గుడ్డ నడుమ కుట్టింది. అది సరిగ్గా జాడీ మూతిమీదికి వచ్చేసరికి, సూది చేసిన రంధ్రాలగుండా, దారం వెంబడి నూనె పైకి పీల్చుకుని నెలలోపే పెద్ద మరక పడింది. రెండోది, మిరపపండుకు వాడిన ఎర్రదారం రంగు దిగి గుడ్డంతా గులాబీరంగు అయింది. ఇప్పుడు అమ్మ ఎర్రదారాన్ని ముందే ఉప్పునీళ్లలో నానబెట్టి, రంగు దిగడం ఆగేదాకా జాడించి వాడుతుంది. కుట్టు మూతిమీద కాక, మెడకు కట్టిన తాడుకిందికి జారే అంచుల్లో మాత్రమే వేస్తుంది. వాసెన కట్టాక జాడీ చుట్టూ నాలుగు మూలలూ నాలుగు ఆకులై వేలాడతాయి. అరమీద ఆ నాలుగూ వరుసగా నిలబడితే వంటింటికి వచ్చిన వారెవరూ ఒక్కసారి దగ్గరికి వెళ్లి చూడకుండా ఉండలేకపోతున్నారు. బురదవాసన వదలని అవ్వ జాడీని మేము పారేయలేదు. అమ్మ దారపు ఉండలు, సూదుల డబ్బా అందులోనే ఉంటాయి.

ఇప్పుడు కొట్టులో నాకు నచ్చనివి. ఒకటి, జాడీలను కట్టి ఇచ్చే తీరు సరిగా లేదు. గడ్డి, పాత కాగితాలు చుట్టి, తాడుతో కట్టి ఇస్తారు. ఆటోలో ఇంటికి వచ్చేలోగా రెండు కిలోల జాడీ మూత అంచు గోరంత చిట్లింది. మరునాడు తీసుకెళితే మూత మార్చి ఇచ్చారు, డబ్బు అడగలేదు. కాని అంత దూరం నుంచి, డోన్ నుంచో ఆదోని నుంచో వచ్చి కొనేవారు మూతకోసం మళ్లీ రాలేరు. అట్టపెట్టె, రెండు పాత దుప్పట్లు వెంట తీసుకెళ్లడం మంచిది. రెండు, వీధి ఇరుకు. ఆటో మలుపు దగ్గరే ఆగుతుంది, అక్కడి నుంచి బరువు మోయాలి. అయిదు కిలోల జాడీ ఖాళీగానే ఒక చేత్తో ఎత్తలేనంత బరువు. మూడు, శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మూసి ఉంటుంది, సమయం ఎక్కడా రాసిపెట్టలేదు. నాలుగు, లోపల బొమ్మలు లేని అరకిలో జాడీలు ఎప్పుడడిగినా దొరకవు. కొత్త సంసారాలకు, ఇద్దరే ఉండే ఇళ్లకు అవే కావాలి.

పది కిలోల జాడీలు కూడా అక్కడ ఉన్నాయి, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఉమ్మడి కుటుంబాలకు తప్ప మిగిలినవారికి నేను వాటిని సిఫారసు చేయను. నిండిన జాడీని కదపడానికి ఇద్దరు మనుషులు కావాలి, రోజూ గరిటె పెట్టిన కొద్దీ అంత పచ్చడికీ తడి తగిలే ముప్పు పెరుగుతుంది. పెద్దజాడీ ఒకటి కొనేకన్నా రెండు కిలోలవి మూడు కొని, ఒకటి అయిపోయాక ఇంకొకటి విప్పుకోవడం క్షేమం.

ఇంతకుముందు ఒకసారి నేను ఆన్‌లైన్‌లో ఒక జాడీ తెప్పించుకున్నాను. ఫొటోలో చాచా జాడీల్లాగే ఉంది, ధర ఇంకా ఎక్కువ. వచ్చాక పసుపునీళ్లు పోస్తే లోపల అవ్వ జాడీలో చూసిన గీతలే కనిపించాయి. తిరిగి పంపుతామంటే, తడి చేసిన వస్తువును వెనక్కి తీసుకోబోమన్నారు. తడి చేయకుండా జాడీని పరీక్షించడం సాధ్యం కాదు. అందుకే ఊరగాయ జాడీని కళ్లతో చూసి, చెయ్యి పెట్టి తడిమి, నీళ్లు పోసి, ఒక రాత్రి ఆగి కొనవలసిన వస్తువుగానే నేను భావిస్తాను. ఆ ఒక్కరాత్రి ఆగనిచ్చే కొట్టు కర్నూలులో నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

వెళ్లడానికి మంచి సమయం దసరా తర్వాత, కార్తీక పున్నమి లోపల. ఎండాకాలంలో మామిడికాయల జోరులో కొట్టు కిటకిటలాడుతుంది. చాచాకు నీళ్లు పోసి చూపించే తీరిక ఉండదు, మంచి జాడీలన్నీ ముందే వెళ్లిపోతాయి. ఈ నెలలో అయితే సరుకు కొత్తగా దిగి ఉంటుంది, కొట్టులో ఒకరిద్దరికి మించి ఉండరు, ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టి ఒక్కొక్క జాడీ తట్టి వినిపిస్తారు. అనంతపురంలో ఉన్న మా చెల్లెలికోసం అరకిలోవి రెండు కావాలని పోయిన వారం చెప్పి వచ్చాను. వచ్చే లారీలో తెప్పిస్తామని, రాగానే నీళ్లు పోసి ఉంచుతామని చాచా నా ఫోను నంబరు గోడమీద సుద్దముక్కతో రాసుకున్నారు.